చప్పిడి ముక్కు పగ్గా, వీధి చివరి కూనా?

మా మేనకోడలు విశాఖ ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తులో ఉంటుంది. లిఫ్టు లేదు, ఏసీ ఒక్క పడగ్గదికే. "మావయ్యా, పగ్ కుక్కని తెచ్చుకుందామనుకుంటున్నాం. బాబు ఒకటే గొడవ. నువ్వు పెంచావు కదా, ఏమంటావు?" అని ఫోన్ చేసింది. మా పగ్ బుజ్జిగాడు పదకొండేళ్లు మా ఇంట్లో తిరిగాడు. అందుకే ఉన్నదున్నట్టు చెప్పాను. వాళ్ల వీధి చివర ఖాళీ స్థలంలో ఓ కుక్క ఈనిందట, నాలుగు కూనలు. వాటినీ లెక్కలోకి తీసుకోమన్నాను.

గుణంలో పగ్‌కి వంక పెట్టలేం. 6 నుంచి 8 కిలోలు, ఒళ్లో ఇమిడిపోతుంది. చైనా రాజుల కాలం నుంచీ మనిషికి తోడుగా పెంచిన జాతి అది, వేటకీ కాపలాకీ కాదు. మా అమ్మ మంచాన పడ్డ ఏడాది బుజ్జిగాడు ఆవిడ కాళ్ల దగ్గర నుంచి కదల్లేదు. మందుల డబ్బా మూత చప్పుడైతే చాలు, తలెత్తి చూసేవాడు. 2003లో హచ్ ఫోన్ ప్రకటన చూసి పగ్ మీద మనసు పడ్డవాళ్లలో నేనూ ఒకణ్ని. ఆ ప్రేమ ఇప్పటికీ పోలేదు.

కానీ ఆ ముద్దు మొహమే దానికి శాపం. మూతి కురచ చేశారు గానీ లోపలి కండ తగ్గలేదు. అంగిలి వెనక మెత్తటి భాగం గొంతుకి అడ్డం పడుతుంది. ముక్కు రంధ్రాలు సన్నటి చీలికల్లా ఉంటాయి. మనం మురిసిపోయే ఆ గురక, గాలి కోసం అది పడే అవస్థ. పైగా కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. వగర్చి, ఆ తడి ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. విజయవాడ కంటే మనకి ఎండ తక్కువని సంతోషిస్తాం గానీ, విశాఖ ఉక్కలో ఆరేసిన బట్టలే ఆరవు, ఇక నాలుక మీద తడి ఏం ఆరుతుంది?

ఓ మే నెల సాయంత్రం, ఎండ దిగిపోయిందని బుజ్జిగాణ్ని ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లాను. తిరిగొస్తుంటే కాళ్లు చాపేసి పడిపోయాడు. నోట్లో జిగట నురగ, నాలుక నీలంగా మారింది. కొబ్బరిబొండాల బండాయన బిందెడు నీళ్లిచ్చి, అట్టముక్కతో విసురుతూ ఆటో దాకా వచ్చాడు. డాక్టరు చూసేసరికి ఒంటి వేడి 106 ఫారెన్‌హీట్. మామూలుగా 101, 102 ఉండాలి. బతికాడు. ఆ తర్వాత ప్రతి వేసవిలో తెల్లారకముందే నడక ముగించేవాళ్లం.

ఇంకా ఉన్నాయి. కళ్లు ముందుకి పొడుచుకొచ్చి ఉండటంతో చిన్న గీత పడినా పుండవుతుంది. మొహం మీది ముడతలు రోజూ తుడిచి ఆరబెట్టకపోతే వాసనొచ్చి పాచిపోతాయి. ఒక్క బిస్కెట్టు ఎక్కువైనా లావెక్కుతుంది, లావెక్కితే ఊపిరి మరీ కష్టం. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ 2022లో లెక్కతీస్తే, ఏదో ఒక జబ్బు ఉండే అవకాశం మిగతా కుక్కల కంటే పగ్‌లకి దాదాపు రెట్టింపని తేలింది.

దేశీ కూనకి ఈ బాధలు లేవు. పొడుగు మూతి, పొట్టి బొచ్చు. మూడంతస్తులు దానికో లెక్క కాదు. అయితే ఒళ్లో బొమ్మలా కూర్చోదు. మొదటి ఏడాది చెప్పులు కొరుకుతుంది, కాలింగ్ బెల్ మోగితే మొరుగుతుంది, రెండు పూటలా బాగా నడిపించాలి. పెద్దయ్యాక 15 కిలోలు దాటొచ్చు. పార్వో, డిస్టెంపర్, రేబిస్ టీకాలు, పిడుదుల మందు మాత్రం రెండింటికీ తప్పవు.

ఏసీ ఒక్క గదికే ఉన్న ఇంటికి, మెట్లెక్కే ఇంటికి, విశాఖలో నా ఓటు దేశీ కూనకే. పగ్ మీదే మనసుంటే పిల్లని కొనొద్దు, ఎవరైనా పెంచలేక ఇచ్చేస్తున్న పెద్ద పగ్‌ని తెచ్చుకోమన్నాను. అది కూడా ముక్కు రంధ్రాలు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసి, పది నిమిషాలు నడిపించి, దాని ఊపిరి విన్నాకే.

ఆదివారం మేనకోడలు ఫొటో పంపింది. మూడో అంతస్తు గుమ్మంలో గోధుమరంగు కూన, పక్కనే బాబు. మెట్లన్నీ ఎక్కొచ్చినా దాని నోరు మూసే ఉంది.