మిథైల్ సెల్యులోజ్ అని పిండి అమ్ముతున్నారు, ఆ నీలం మూత డబ్బా కొనకండి

కాగితానికి రాసే మిథైల్ సెల్యులోజ్ జిగురు పొడి అని చెప్పి నాకు పిండి అమ్మిన మనిషి నిన్న రాత్రి పదకొండింటికి నన్ను బ్లాక్ చేశాడు. కోపం ఇంకా దిగలేదు. అయినా ఇప్పుడే రాస్తున్నాను, ఎందుకంటే మీలో కొందరు ఈ వారంలో అదే డబ్బా ఆర్డర్ పెట్టబోతున్నారని నాకు తెలుసు. పేరు రాయను. ఓరిగామి (కాగితం మడతల కళ) కాగితాలు, జిగుర్లు, బ్రష్షులు అన్నీ ఒకేచోట అమ్మే ఆ పేజీ, నీలం మూత డబ్బా అంటే మడతలు వేసేవాళ్లకి వెంటనే తెలిసిపోతుంది.

మా డ్రాయింగ్ మాస్టారి షష్టిపూర్తి పోయిన ఆదివారం విజయనగరంలో జరిగింది. ఏడో తరగతిలో నా చేత కాగితం కొంగ చేయించింది ఆయనే. ఆయనకి వెట్ ఫోల్డింగ్‌లో, అంటే కాగితం తడిపి మడిచే పద్ధతిలో, ఒక ఏనుగు చేసి ఇవ్వాలని నాలుగు నెలల ముందే అనుకున్నాను. తమ్ముడు ఖాట్మండు వెళ్తుంటే చెప్పాను, థమెల్ సందుల్లో తిరిగి ఆరు లోక్తా షీట్లు (నేపాల్ చేతి కాగితం) తెచ్చాడు. నలుగుతాయని గొట్టంలో చుట్టి, విమానంలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ఆ షీట్లు నాకెంత విలువైనవో ఇక వేరే చెప్పక్కర్లేదు.

లోక్తా గట్టిదే, చింపినా అంత తేలిగ్గా చిరగదు. కానీ మెత్తన. అలాగే తడిపితే తడిగుడ్డలా వాలిపోతుంది. జపాన్ ఓరిగామి గురువు యోషిజావా గారు (1911–2005) మనకిచ్చిన ఈ వెట్ ఫోల్డింగ్ అంతా కాగితంలో ఉండే జిగురు మీదే నడుస్తుంది. తడి తగిలితే జిగురు మెత్తబడి కాగితం చెప్పినట్టు వంగుతుంది, ఆరితే బిగుసుకుని ఆ వంపు అలాగే నిలబడుతుంది. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు నీళ్లలో కలిపి రాస్తే కాగితం గట్టిపడుతుంది కానీ, ఒకసారి ఆరాక మళ్లీ తడిపితే ముందులా మెత్తబడదు, తొండం వంపు సరిదిద్దుకోవడానికి వీలుండదు. మిథైల్ సెల్యులోజ్ అలా కాదు. ఆరాక రంగు ఉండదు, పసుపెక్కదు, నీళ్లు తగిలితే మళ్లీ లొంగుతుంది. పాత కాగితాలు బాగుచేసేవాళ్లు కూడా దాన్ని వాడేది అందుకే.

కొనే ముందు ఆ పేజీలో అమ్మే ఆయన్ని నేరుగా అడిగాను. "ఇది ప్యూర్ మిథైల్ సెల్యులోజేనా? స్టార్చ్ ఏమైనా కలుస్తుందా?" అని. జవాబు ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది: "హండ్రెడ్ పర్సెంట్ ప్యూర్ మేడమ్, పేపర్ కోసమే స్పెషల్‌గా తెప్పిస్తున్నాం." పావు కిలో డబ్బాకి ఎనిమిది వందల యాభై కట్టాను.

ఇక్కడ నా తప్పు కూడా ఉంది, దాచను. మిథైల్ సెల్యులోజ్ కలిపే పద్ధతి నాకు బాగా తెలుసు. ముందు కొద్దిగా బాగా వేడి నీళ్లలో పొడి వేసి తిప్పాలి. వేడిలో అది కరగదు, గింజలు విడివిడిగా నానుతాయి. తర్వాత చల్లటి నీళ్లు పోస్తే చిక్కబడుతుంది. ఒక రాత్రి వదిలేస్తే పొద్దున్నకి నీళ్లంత తేటగా, తేనెలా జారే జిగురు తయారవుతుంది. నేను అలాగే కలిపాను. కానీ వేడి నీళ్లు పోయగానే గిన్నెలో గంజి లేచింది. అన్నం వార్చేటప్పుడు వచ్చే వాసనే వచ్చింది. పొద్దున చూస్తే తేట లేదు, పాలలా తెల్లగా ఉంది. గరిటెతో కదిపితే ముద్దలు ముద్దలుగా కదిలింది. అప్పుడే ఆగి ఉండాల్సింది. "కొత్త బ్యాచ్ కదా, ఇలాగే ఉంటుందేమో" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పదిహేనేళ్లుగా మడతలు వేస్తున్న దాన్ని, కళ్ల ముందు కనిపిస్తున్నది వదిలేసి డబ్బా మీద రాసింది నమ్మాను.

అంతటితో ఊరుకోలేదు. ఒక చిన్న ముక్క మీద రాసి చూడకుండా ఒకేసారి రెండు జతలు అతికించాను. భోజనాల బల్ల అద్దం తుడిచి, ఒక షీట్ పరిచి, బ్రష్‌తో రాసి, దాని మీద రెండోది వేసి, బుడగల్లేకుండా మధ్య నుంచి అంచులకి నొక్కుకుంటూ వెళ్లాను. నాలుగు షీట్లు. రాత్రంతా ఫ్యాన్ కింద ఆరనిచ్చాను.

మామూలుగా అయితే ఆరాక ఒక మూల గోటితో లేపితే చాలు, కాగితం అద్దం మీద నుంచి చిన్న చప్పుడుతో దానంతటదే వచ్చేస్తుంది. ఈసారి మూల లేవలేదు. పల్చటి చాకు పెట్టాను. పై పొర ఊడి వచ్చింది, కింది పొర అద్దాన్నే పట్టుకుంది. లోక్తా నారలు పొడుగ్గా బొచ్చులా లేచాయి. రెండో జతకి తడిగుడ్డ వేసి, అరగంట ఆగి, ఊపిరి బిగబట్టి లాగితే సగం వచ్చింది. ఆ సగాన్ని ఆరబెట్టి ఒక మడత వేసి చూశాను. మడత గీత వెంబడి పెచ్చు లేచి, తెల్లటి పొడి నా చీర మీద రాలింది. తమ్ముడు ఒళ్లో పెట్టుకుని తెచ్చిన కాగితం. నాకు ఏడుపొచ్చింది.

తర్వాతే మందుల డబ్బాలోంచి టింక్చర్ అయోడిన్ తీశాను. డబ్బాలోని పొడి చిటికెడు సాసర్‌లో వేసి, నీటి చుక్క కలిపి, పైన ఒక్క చుక్క అయోడిన్ వేశాను. వేసిన చోట వేసినట్టే ముదురు నీలం, దాదాపు నలుపు. స్కూల్లో బంగాళాదుంప ముక్క మీద చేసిన ప్రయోగమే. పిండి పదార్థం ఉంటే ఆ రంగు వస్తుంది. మిథైల్ సెల్యులోజ్‌కి రాదు.

ఫోటో పంపాను. మర్యాదగానే రాశాను, "పొరపాటున వేరే డబ్బా వచ్చిందేమో చూడండి, డబ్బు తిరిగి ఇవ్వండి" అని. గంట తర్వాత ఫోన్ చేశాడు. మొదటి మాటే, "అయోడిన్ వేస్తే ఏదైనా నల్లబడుతుంది మేడమ్." సరే అని ఉప్పు మీద, పంచదార మీద కూడా వేసి ఫోటోలు పంపాను. రెండిట్లోనూ గోధుమ రంగు తప్ప ఏమీ రాలేదు. అప్పుడు మాట మార్చాడు. "జిగురు జిగురే కదండీ. అతుక్కుందా లేదా? అతుక్కుంది కదా!" అన్నాడు. కాగితం పాడైంది, అది నేపాల్ నుంచి తెప్పించుకున్నది అని చెప్పాను. ఆయన నవ్వాడు. "పిల్లలు పడవలు చేసుకునే కాగితానికి ఇంత గొడవేంటి మేడమ్? ఎనిమిది వందలకి ఇంతసేపు ఫోనా?" అన్నాడు.

ఆ నవ్వే నాకు చెవుల్లోంచి పోవడం లేదు. ఎనిమిది వందల సంగతి వదిలేశాను. ఓరిగామి వాళ్ల దగ్గరే డబ్బు తీసుకుంటూ, ఓరిగామి వాళ్ల కోసమే తెప్పిస్తున్నానని రాసుకుంటూ, మన పని పిల్లల ఆట అని మన మొహం మీదే అంటాడా? "కొనేముందు స్టార్చ్ ఉందా అని అడిగాను, లేదన్నారు, మెసేజ్ ఉంది" అన్నాను. ఫోన్ పెట్టేశాడు. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ పంపేసరికి బ్లాక్ చేశాడు. ఆయన పేజీలో నేను రాసిన రివ్యూ కూడా ఇప్పుడు కనిపించడం లేదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నా కోపం పిండి జిగురు మీద కాదు. జపాన్‌లో గోడకి వేలాడదీసే బొమ్మల చుట్టలకి వెనక కాగితం అతికించేది గోధుమ పిండి లోంచి తీసిన స్టార్చ్ ఉడికించిన జిగురుతోనే, అది వందల ఏళ్ల విద్య. పల్చగా, తాజాగా కాచుకుని వాడితే చాలా మంచిది. మన మైదా జిగురు వేరు, అందులో గ్లూటెన్ కూడా ఉంటుంది, వైజాగ్ గాలిలో రెండ్రోజులకే పులుస్తుంది, పురుగులు కూడా వస్తాయి. ఇది పిండి అని ముందే చెప్పి ఉంటే దానికి తగ్గట్టు వాడేదాన్ని, లేదా కొనేదాన్నే కాదు. పేరు ఒకటి రాసి లోపల ఇంకొకటి పెట్టి, అడిగితే అబద్ధం చెప్పడం మోసం.

మాస్టారికి చివరికి వాటర్ కలర్ పేపర్‌తో చేసి ఇచ్చాను. దానికి తయారీలోనే సైజింగ్ (కాగితానికి పట్టించే జిగురు) ఉంటుంది కాబట్టి విడిగా జిగురు పని లేదు, తడిపి మడిస్తే నిలబడుతుంది. ఆయన సంతోషించారు. చెవి అంచు వేలితో తడిమి, "బాగా ఆరింది" అన్నారు. కానీ నేను ఇద్దామనుకున్న ఏనుగు అది కాదు.

మీ దగ్గర ఆ డబ్బా ఉంటే ఈరోజే ఒక చుక్క అయోడిన్ వేసి చూడండి. పొడి మీదే వేయండి, కాగితం మీద వద్దు, మామూలు కాగితాల్లో కూడా చాలావాటికి స్టార్చ్ ఉంటుంది. ఇంకోటి, కలిపిన జిగురు కొంచెం స్టీలు గిన్నెలో వేసి వేడి చేయండి. అసలైన మిథైల్ సెల్యులోజ్ వేడెక్కితే గడ్డకట్టి, చల్లారితే మళ్లీ జారుతుంది. ఏ జిగురైనా ముందు చేతిరుమాలంత ముక్క మీద రాసి, ఆరబెట్టి, మడిచి చూడండి. డబ్బులు కట్టినవాళ్లు ఆయనతో నడిపిన మెసేజ్‌లు చెరిపేయకండి, నాతో పాటు ఇంకో నలుగురు అవి చూపిస్తే ఫిర్యాదు చేద్దాం. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి రేపు పొద్దున ఫోన్ చేస్తున్నాను. ఇంకా రెండు లోక్తా షీట్లు గొట్టంలో ఉన్నాయి. నిజమైన మిథైల్ సెల్యులోజ్ ఎవరి దగ్గర కొన్నారో, అయోడిన్ వేసి చూసినవాళ్లు మాత్రం కింద రాయండి.