న్యూ వృందావన్ సమీక్ష: పసిడి రేకుల కన్నా పచ్చిక మిన్న

పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి దర్శనానికి వచ్చే మన తెలుగు కుటుంబాలు, పులిహోర ప్రసాదం పుచ్చుకున్నాక, ఇంకో గంటన్నర ప్రయాణించి వెస్ట్ వర్జీనియాలోని న్యూ వృందావన్‌ను కూడా చూసి రావడం చాలాకాలంగా ఆనవాయితీ. మౌండ్స్‌విల్ పట్టణానికి దగ్గరలో, అపలేచియన్ కొండల నడుమ, హరేకృష్ణ భక్తులు 1968లో నెలకొల్పిన పల్లె ఇది. ఒక ధార్మిక సంస్థ చేతిలో ఉన్న వెయ్యి ఎకరాలకు పైబడిన నేల ఏమవుతున్నదో చూడాలన్న ఆసక్తి కూడా నన్ను అక్కడికి తీసుకువెళ్లింది. దర్శనానికి, భోజనానికి, బసకు మంచి మార్కులే వేస్తాను. అయితే అక్కడ అందరూ ఫోటోలు తీసుకునేది ఒకటి, నిలబడి చూడవలసినది మరొకటి.

ఫోటోలు తీసుకునేది ‘ప్యాలెస్ ఆఫ్ గోల్డ్’ దగ్గర. హరేకృష్ణ ఉద్యమ సంస్థ ఇస్కాన్ స్థాపకులు భక్తివేదాంత స్వామి ప్రభుపాదుల నివాసం కోసమని మొదలైన ఈ కట్టడం, 1977లో ఆయన పరమపదించడంతో స్మారక మందిరంగా మారి 1979లో తలుపులు తెరిచింది. కట్టడపు పనిలో ముందస్తు శిక్షణ లేని యువభక్తులు చేస్తూ నేర్చుకుంటూ పాలరాయి పరిచారు, బంగారు రేకు అద్దారు, రంగుటద్దాల ముక్కలు పేర్చి కిటికీల్లో నెమళ్లను నిలిపారు. లోపలి పనితనం ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. కాని ఆ కొండల్లో చలికాలమంతా పగుళ్లలోకి దిగిన నీరు గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకట్టి కాంక్రీటును పెళ్లలుగా ఊడదీస్తుంది కనుక, మరమ్మతు పని ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది. సున్నమూ రాయీ ఎరిగిన మన పాత శిల్పులను ఎవరైనా అడిగి ఉంటే బాగుండేదేమో అనిపించింది.

ఈ పల్లె కథలో నాకు ఆసక్తి కలిగించినది ఆ తరువాతి భాగం. 1980ల్లో ఇక్కడికి యాత్రికులు వెల్లువగా వచ్చారు, భూములు పెరిగాయి, మరింత భారీ ఆలయాల ప్రణాళికలు సిద్ధమయ్యాయి. ఈ పల్లె నాయకుడు కీర్తనానంద స్వామిని 1987లో ఇస్కాన్ బహిష్కరించింది, ఆపై పల్లె కూడా ఆ సంస్థకు దూరమైంది. తరువాత ఆయనపై నేరాభియోగాలు వచ్చి జైలుశిక్ష కూడా పడింది. నివాసులు చెదిరిపోయారు, రాబడి పడిపోయింది. 1998లో ఈ సమాజం తిరిగి ఇస్కాన్‌లో చేరేనాటికి మిగిలినవి కొండలు, ఆవులు, పాతబడుతున్న కట్టడాలు. ఇంత నేలతో ఏం చేయాలన్న ప్రశ్న అప్పటినుంచీ వాళ్లను వదలలేదు.

ఆ నేల దున్నడానికి అనువైనది కాదు, వాలు ఎక్కువ. గడ్డి మాత్రం బాగా పెరుగుతుంది, కాబట్టి పశువులే దానికి తగిన వినియోగం. అయితే కబేళాకు పంపని గోశాల లెక్క మామూలు డెయిరీ లెక్కకు తలకిందులుగా ఉంటుంది. పాలు కావాలంటే ఆవు ఈనాలి, ఈనితే సగం కోడెదూడలే, వట్టిపోయిన ఆవునూ కోడెనూ పదిహేను ఇరవై ఏళ్లు మేపాలి. మంద పెరిగిన కొద్దీ పాలిచ్చే ఒక్కో ఆవు మీద మేపు తప్ప రాబడి లేని పశువుల భారం పడుతుంది. అందుచేత ఇక్కడ ఈతలను తగ్గించి, ఉన్నవాటిని కడదాకా పోషించే పద్ధతికి వచ్చారు. ఆవులు, పొలాల బాధ్యతను ఎకో వృందావన్ అనే అనుబంధ సంస్థ చూస్తున్నది. కొండల కింద ఉన్న మార్సెల్లస్ షేల్ అనే రాతిపొరలోని సహజవాయువు తీసుకునేందుకు ఇచ్చిన లీజు సొమ్ము కూడా ఈ పనికి ఆసరా అయింది. గోరక్షణకు గ్యాస్ డబ్బేమిటని ముఖం చిట్లించే భక్తులున్నారు. నాకూ ఆ ఇబ్బంది తెలుసు. కాని మేత కొనడానికి డబ్బు ఎక్కడినుంచో రావాలి కదా, అది కొత్త గోపురాలకు కాక గడ్డివాములకు వెళ్లడం మేలే.

గోశాలలో ఒక ముసలి ఎద్దు కంచె మీదుగా మెడ చాచి, నా చొక్కా చేతిని గరుకు నాలుకతో తడిపేసింది. నాగలి ఎరగని పిల్లలకు ఎద్దు కొమ్ముల మొదట్లో వేలితో గోకడం నేర్పే చోటు అమెరికాలో ఎన్ని ఉంటాయి? బంగారు మందిరంలో అరగంటకే విసిగిపోయే పిల్లలు ఇక్కడినుంచి కదలరు.

రాధా వృందావన చంద్రుల ఆలయం, చెరువు, గట్టున చేతులెత్తి నర్తించే గౌరనితాయిల (చైతన్య మహాప్రభువు, నిత్యానందుల) భారీ విగ్రహాలు నడకదూరంలోనే ఉన్నాయి. ప్యాలెస్‌కు మాత్రం కారు తీయాలి. గోవిందాస్ రెస్టారెంట్‌లో ఉల్లి, వెల్లుల్లి లేని భోజనం దొరుకుతుంది. కారానికి అలవాటుపడిన మన నాలుకకు చప్పగా తోస్తే ఆవకాయ సీసా కారులో పెట్టుకోవడం వారి వారి ఇష్టం. ఆలయం పక్కన లాడ్జి, చెరువు దగ్గర క్యాబిన్లు బసకు ఉన్నాయి.

గులాబీ తోట కూడా చూడాలనుకునేవారు జూన్ మొదలుకొని వేసవిలో వెళ్లాలి. పెద్ద ఉత్సవాలుండే వారాంతాల్లో గదులు ముందే నిండుతాయి, కాబట్టి వీలుంటే మామూలు రోజున వెళ్లి, రాత్రి ఉండి, తెల్లవారుజామున మంగళహారతి చూసుకుని, ఎండ ఎక్కకముందే గోశాలకు నడవండి. రూట్ 250 వదిలాక కొండదారి సన్నగా, మలుపులతో ఉంటుంది. చీకటి పడకముందే చేరుకునేలా పిట్స్‌బర్గ్‌లో బయలుదేరండి.