నెలవారీ అద్దె సర్వర్: మెషీన్‌కి వంక లేదు, లాక్ స్క్రీనే ప్రాణం తీసింది

కంపెనీ పేరు రాయడం లేదు. ముంబై డేటా సెంటర్‌లో వర్చువల్ సర్వర్, డెబియన్ అనే లైనక్స్ మీద ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్, రిమోట్‌గా తెరుచుకోవడానికి ఎక్స్‌ఆర్‌డీపీ, అన్నీ వేసేసి రెడీమేడ్‌గా ఇచ్చే ప్లాన్ ఇది. ఇదే సెటప్ ఎవరి దగ్గర తీసుకున్నా ఈ గొడవ రావొచ్చు, అందుకే రాస్తున్నాను.

మాది విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర చిన్న అకౌంట్స్ ఆఫీసు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వచ్చిందంటే గుడి నుంచి కోట దాకా జనమే జనం, షట్టరు ఎత్తే పరిస్థితి ఉండదు. అదే అక్టోబరులో 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ రిటర్నుల గడువులు మాత్రం ఎప్పటిలాగే వచ్చి కూర్చుంటాయి. బొబ్బిలి నుంచి ఒక అమ్మాయి, చీపురుపల్లి నుంచి ఒక కుర్రాడు ఇంట్లోనే కూర్చుని పనిచేసుకోవాలని ఈ సర్వర్ తీసుకున్నాం.

స్పీడ్ బాగుంది, అందులో వంక పెట్టను. ఇంట్లో కరెంటు పోయినా నెట్ పోయినా సర్వర్‌లో తెరిచిన ఫైల్ అలాగే ఉంటుంది, మళ్లీ కనెక్ట్ అయితే ఆపిన చోటి నుంచి మొదలుపెట్టుకోవచ్చు. మాలాంటి వాళ్లకి అసలు సుఖం అదే.

తీరా చూస్తే ఆ సుఖానికే ఎసరు వచ్చింది. భోజనానికి వెళ్లి వచ్చి కనెక్ట్ అయితే నల్ల స్క్రీన్. "సార్, ఏటో ఇంగ్లీషులో వచ్చీసింది, పాస్‌వర్డ్ కొడదామంటే గడే లేదు" అని బొబ్బిలి నుంచి ఫోను. సెషన్ లాక్ అయింది, కొద్ది సెకన్లలో అన్‌లాక్ చేసే చోటికి అదే తీసుకెళ్తుంది అని దాని అర్థం. ఎక్కడికీ తీసుకెళ్లదు. టీ తాగొచ్చినా అదే ముక్క.

సపోర్ట్ వాళ్లకి టికెట్ పెడితే జవాబు తొందరగానే వచ్చింది, ఓఎస్ రీఇన్‌స్టాల్ చేసుకోమని. డేటా పోతుందిగా అంటే బ్యాకప్ తీసుకోమన్నారు. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోమనడం అంటే ఇదే. 20వ తేదీ దగ్గరపడుతుంటే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఈ పనిలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు.

అసలు కారణం లైట్-లాకర్ అనే చిన్న ప్రోగ్రామ్. స్క్రీన్ లాక్ చేయడం వరకు దాని పని, తాళం తీయించేది మాత్రం లైట్‌డీఎం లాగిన్ పేజీ, అదేమో వేరే తెర మీద తెరుచుకుంటుంది. ఎదురుగా మానిటర్ ఉన్న కంప్యూటర్‌లో అయితే అది మన కళ్లముందే వస్తుంది, ఇబ్బంది లేదు. మనం ఎక్స్‌ఆర్‌డీపీలో ఎక్కడో దూరం నుంచి చూస్తుంటాం కాబట్టి ఆ పేజీ సర్వర్ సొంత కన్సోల్ మీద, ఎవరూ చూడని చోట తెరుచుకుని కూర్చుంటుంది. మన వైపు మిగిలేది నలుపే.

దీనికి రీఇన్‌స్టాల్ దేనికండీ? ఎస్‌ఎస్‌హెచ్‌లో, అంటే కమాండ్లు కొట్టి సర్వర్‌లోకి వెళ్లే దారిలో, అదే యూజర్‌తో లోపలికి వెళ్లి లైట్-లాకర్ ప్రాసెస్‌ని ఆపేస్తే చాలు, డెస్క్‌టాప్ ఎక్కడ వదిలామో అక్కడే, తెరిచిన షీట్‌తో సహా తిరిగొచ్చింది. తర్వాత ఆ ప్యాకేజీనే తీసేశాను. పవర్ మేనేజర్‌లోనూ, స్క్రీన్‌సేవర్ ఉంటే దానిలోనూ లాక్ ఆప్షన్ కట్టేయండి. లాక్ లేకపోతే ఎలా అనొచ్చు. ఎక్స్‌ఆర్‌డీపీలోకి వచ్చేటప్పుడు ఎలాగూ పాస్‌వర్డ్ అడుగుతుంది, ముందున్న ల్యాప్‌టాప్‌కి లాక్ పెట్టుకుంటే సరిపోతుంది. ఎక్స్‌ఆర్‌డీపీ వాడే 3389 పోర్టు మాత్రం బయటి ప్రపంచానికి తెరిచి ఉంచకండి, ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ లోంచి రండి. వీళ్లు ఇచ్చిన ఇమేజ్‌లో, అంటే ఆ రెడీమేడ్ సెటప్‌లో, అది బార్లా తెరిచే ఉంది, దీనికి ఒక స్టార్ కోత.

లాగిన్ తిప్పలు వేరే. పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టినా ఒక్క క్షణం మెరిసి మళ్లీ లాగిన్ పేజీకే వస్తుంటే ముందు డిస్క్ నిండిందేమో చూడండి. చీపురుపల్లి కుర్రాడిది అదే, బ్రౌజర్ క్యాష్, డౌన్‌లోడ్లు కలిసి చోటంతా తినేశాయి. హోమ్ ఫోల్డర్‌లో రాయడానికి చోటు లేకపోతే సెషన్ మొదలవదు. ఇంకొకటి, ఎస్‌ఎస్‌హెచ్ కీతో మాత్రమే తయారుచేసిన యూజర్‌కి అసలు పాస్‌వర్డే ఉండదు, డెస్క్‌టాప్ లాగిన్‌లో ఏది కొట్టినా తప్పే అంటుంది. రూట్‌గా, అంటే అడ్మిన్‌గా వెళ్లి ఒక పాస్‌వర్డ్ పెడితే తీరిపోయింది.

వీళ్ల ప్యానెల్‌లో ఉండే, సర్వర్ సొంత తెరని చూపించే వీఎన్‌సీ కన్సోల్‌కి మాత్రం పూర్తి మార్కులు, ఎస్‌ఎస్‌హెచ్ మూసుకుపోయినా బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. తప్పు పాస్‌వర్డ్లు కొట్టేవాళ్లని అడ్డుకునే ఫెయిల్2బ్యాన్ ఉన్న సర్వర్ అయితే ఇది తప్పనిసరి. దాని డిఫాల్ట్ 5 తప్పులకి 10 నిమిషాల నిషేధం, అదీ ఐపీ మీద. ఆఫీసులో అందరిదీ ఒకే రూటర్ కాబట్టి ఒకరు తప్పు కొడితే మిగతావాళ్లూ బయటే. మొబైల్ హాట్‌స్పాట్‌తో వెళ్లినా పని జరుగుతుంది. కన్సోల్‌లో కీబోర్డ్ బ్రిటన్ లేఅవుట్‌లో ఉంటే 2 మీది ఎట్ గుర్తు బదులు కొటేషన్ గుర్తు పడుతుంది, పాస్‌వర్డ్‌లో అయితే చుక్కలే కదా, కనపడదు. యూజర్ నేమ్ గడిలో ఆ గుర్తులు ఒకసారి కొట్టి చూసుకోండి.

లైనక్స్ కాస్త తెలిసినవాళ్లు దగ్గర ఉంటే నిరభ్యంతరంగా తీసుకోండి. సపోర్ట్‌నే నమ్ముకుని తీసుకునేవాళ్లకి మాత్రం వద్దంటాను. ఏడాది డబ్బు ఒకేసారి కడితే తగ్గిస్తామని మెయిల్ మీద మెయిల్ పంపుతున్నారు, ఆ ఇమేజ్ మార్చేదాకా నేను నెలనెలా కట్టుకుంటాను.