పాపులిజం సెమినార్: నోరు మూసుకున్న ఇరవై నిమిషాలు

రెండేళ్ళుగా ఒడిశా సరిహద్దులో ఉన్న మా ఊరు పర్లాకిమిడిలో తెల్లవారుజామున బస్సెక్కి బరంపురంలో ఒక రీసెర్చ్ సెమినార్‌కి వెళ్తున్నాను. సబ్జెక్టు పాపులిజం. అక్కడ ఏం చదివిస్తారో ఈ లైన్లో ఉన్నవాళ్ళకి తెలుసు: పాపులిజం అంటే ఏంటో సిద్ధాంతాలు రాసిన మడ్డె, లాక్లావ్, ముల్లర్, వాళ్ళ మధ్య పేచీలు. అవి వదిలేస్తాను. నేను చెప్పేది ముఖ్యంగా ఒక్క రూలు గురించి.

ఇక్కడ పేపరు రాసినవాళ్ళు దాన్ని చదవరు. ఇంకొకరు వివరిస్తారు, మిగతావాళ్ళు చీల్చి చెండాడతారు. రాసినవాళ్ళు ఇరవై నిమిషాలు నోరు మెదపకూడదు. నోట్సు రాసుకోవచ్చు, అంతే.

మొదటి సెమిస్టర్లో నా పేపరు ఎన్టీఆర్ మీద. 1982 మార్చిలో పార్టీ పెట్టి తొమ్మిది నెలల్లో గద్దెనెక్కిన కథ. మన పత్రికల్లో పాపులిజం అంటే జనాకర్షక పథకాలే కదా, నేనూ సగం పేజీలు కిలో రెండు రూపాయల బియ్యంతో నింపాను. దాన్ని వివరించే పని జయపురం నుంచి వచ్చే ఒక ఒడియా అమ్మాయికి పడింది. బియ్యం సంక్షేమం కిందికి వస్తుంది, పాపులిజం అక్కడ లేదు అంది. మడ్డె 2004 వ్యాసంలో చెప్పింది మంచి ప్రజలు ఒకవైపు, చెడిపోయిన పెద్దలు ఇంకోవైపు అని గీత గీయడం గురించి. ఆ గీత 'తెలుగువారి ఆత్మగౌరవం' అన్న మాటలో ఉంది, అవతల ఢిల్లీ ఉంది అంది. నా చెవులు వేడెక్కాయి. చివర్లో అడిగింది: "ఆ తెలుగువారిలో పర్లాకిమిడి తెలుగువారు ఉన్నారా?"

ఉన్నారని చెప్పేద్దామనుకున్నాను. రూలు అడ్డం. పెన్ను మూత కొరుకుతూ కూర్చున్నాను. అప్పుడు మా మామ్మ గుర్తొచ్చింది. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసింది, పక్కనున్న పాతపట్నం ఆంధ్రా వైపే ఉండిపోయింది. ఆవిడ చెల్లెలిది పాతపట్నం. చెల్లెలింట్లో కార్డు మీద రెండు రూపాయల బియ్యం వచ్చేది, మామ్మకి లేదు. కృష్ణుడి వేషంలో ఉన్న ఎన్టీఆర్ క్యాలెండరుకి దండం పెట్టుకుంటూనే "మనోడే గానీ, మనకేటిచ్చాడు?" అనేది. నా పేపర్లో ఈ ముక్క ఎక్కడా లేదు. ఆ రోజు నోరు తెరిచి వాదించి ఉంటే నాకు తట్టేదే కాదు.

ఆ తర్వాత కనపడ్డ ప్రతివాడి దగ్గరా ఆ రూలుని తెగ పొగిడాను. ఇప్పుడు కొంచెం తగ్గించుకుంటాను. మూడో సెమిస్టర్ ఆన్‌లైన్లో జరిగింది. మైకు ఆఫ్ చేసి చాట్‌లో టైపు చేస్తూ కూర్చుంటే అదేం మౌనం? నేనూ చేశాను, ఒప్పుకుంటున్నా. పైగా ఇరవై నిమిషాలయ్యాక ఇంగ్లీషు గడగడా వచ్చినవాళ్ళే మిగతా టైమంతా మింగేస్తారు. రెండుసార్లు నేను గొంతు సవరించుకునేలోపే క్లాసు అయిపోయింది.

చదివించేవాటి మీదా ఒక కినుక ఉంది. అర్జెంటీనా నాయకుడు పెరోన్‌కి మూడు వారాలు, 1971 నాటి 'గరీబీ హటావో'కి ఒక గంట. 'ప్రజలంటే ఎవరు' అని ఇంత తల బద్దలు కొట్టుకుంటాం గదా, ఇదే సరిహద్దు మీద కోరాపుట్ జిల్లాలో కొటియా ఉంది. అక్కడి 21 ఊళ్ళని ఒడిశా మావే అంటుంది, ఆంధ్రా మావే అంటుంది, రేషను ఇటునుంచీ వస్తుంది, అటునుంచీ వస్తుంది. దాని మీద ఒక్క క్లాసైనా పెట్టమని అడిగాను. వచ్చే సెమిస్టర్‌ చూద్దామన్నారు. అలా రెండు సెమిస్టర్లు గడిచాయి.

చేరొచ్చా అని అడిగితే, ఫెలోషిప్ ఉండి బరంపురం హాస్టల్లో ఉండేవాళ్ళకి చేరమనే చెప్తాను. నాది గెస్ట్ లెక్చరర్ బతుకు. వెళ్ళిన రోజు క్లాసులు పోతాయి, క్లాసు లేకపోతే డబ్బు లేదు, బస్సు ఛార్జీ అదనం. మామ్మతో మొదలుపెట్టి ఆ పేపరు మళ్ళీ రాశాను. ఈసారి కూడా ఆ జయపురం అమ్మాయికే ఇవ్వమని అడిగాను. తేదీ ఇంకా వేయలేదు.