గిట్ రిపోలో అక్కర్లేని ఫోల్డర్: మామూలుగా తీసేయాలా, హిస్టరీలోంచే తుడిచేయాలా? ఏది మేలు?

మధురవాడ, రుషికొండ ఆఫీసుల్లో కొత్తగా చేరిన పిల్లలు, ఫైనలియర్ ప్రాజెక్టు చేస్తున్నవాళ్లు నన్ను పదేపదే అడిగేది ఇదే: “అన్నా, నోడ్ మాడ్యూల్స్ రిపోలోకి ఎక్కేసింది. మామూలుగా తీసేస్తే చాలా, హిస్టరీలోంచి కూడా తుడిచేయాలా?” రిపో అంటే ప్రాజెక్టు ఫైళ్లనీ, వాటి మార్పుల హిస్టరీనీ గిట్ దాచే చోటు; ఆ హిస్టరీలో ఒక్కో మెట్టు ఒక కమిట్. నోడ్ మాడ్యూల్స్ అంటే ఎన్‌పీఎం దించిపెట్టే లైబ్రరీల ఫోల్డర్.

నలుగురూ వాడే రిపో అయితే నా ఓటు మామూలుగా తీసేయడానికే. గిట్ ఆర్‌ఎమ్‌కి డాష్ ఆర్, క్యాష్డ్ ఆప్షన్లు తగిలించి ఫోల్డర్‌ని తప్పించడం, గిట్ ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని వాటి జాబితా) పేరు రాయడం, కమిట్ చేసి పుష్ చేయడం (సర్వర్‌కి పంపడం), అంతే. పాత కమిట్లు ఎక్కడివక్కడే ఉంటాయి, ఎవరి బ్రాంచీ చెడదు. లోటల్లా రిపో బరువు తగ్గకపోవడమే. కొత్తగా క్లోన్ చేసేవాళ్లు (రిపోని తమ మెషీన్లోకి కాపీ చేసుకునేవాళ్లు) ఆ పాత ఫైళ్లనూ దించుకోవాలి.

ఇందులో ఒక మెలిక ఉంది. క్యాష్డ్ పెట్టాం కదా, ఫోల్డర్ డిస్కులో ఉండిపోతుందనుకుంటారు. ఉంటుంది, కానీ ఆ కమాండ్ కొట్టిన మెషీన్లోనే. మిగతావాళ్లు పుల్ చేస్తే (కొత్త మార్పులు దించుకుంటే), గిట్ ఆ ఫోల్డర్లోని ట్రాక్ అయిన ఫైళ్లన్నిటినీ వాళ్ల దగ్గర డిలీట్ చేసేస్తుంది. నోడ్ మాడ్యూల్స్ పోతే ఎన్‌పీఎం ఇన్‌స్టాల్‌తో తిరిగొస్తుంది. అప్‌లోడ్స్ ఫోల్డర్ పోతే? అదీ పుల్‌తోనే డెప్లాయ్ చేసే సర్వర్ మీద పోతే, సైట్లో బొమ్మలన్నీ మాయం. అందుకే పుల్ చేసే ముందు ఆ ఫోల్డర్‌ని పక్కకి కాపీ చేసుకోమని టీమంతటికీ ముందే చెప్పాలి. మర్చిపోయినా, గిట్ రీస్టోర్‌కి అంతకుముందు కమిట్‌ని సోర్స్‌గా ఇచ్చి వెనక్కి తెచ్చుకోవచ్చు.

రెండో దారి గిట్ ఫిల్టర్ రిపో, అంటే హిస్టరీని తిరగరాసే టూల్. ఫోల్డర్ పాత్ ఇచ్చి ఇన్వర్ట్ పాత్స్ పెడితే ఆ ఫోల్డర్ ఏ కమిట్‌లోనూ మిగలదు, రిపో నిజంగానే తేలికవుతుంది. కానీ ఆ ఫోల్డర్ మొదట చేరిన కమిట్ దగ్గర్నుంచి హ్యాష్‌లన్నీ (కమిట్ల గుర్తింపు కోడ్‌లు) మారిపోతాయి. నా దృష్టిలో అసలు తేల్చేది ఇక్కడే: బయట ఎన్ని క్లోన్లున్నాయి, అందరిచేతా పాతవి తీయించగలరా? గాజువాకలో ఇంటి నుంచి పనిచేసే ఒక్కరు పాత క్లోన్‌లోనే పుల్ చేసి, మెర్జ్ అయినదాన్ని పుష్ చేస్తే చాలు, తుడిచిందంతా తిరిగొస్తుంది. పైగా కమిట్లు రెండేసి కనిపిస్తాయి. బరువు తగ్గించుకోవడం కోసమే ఇంత రిస్కు తీసుకోవడం నాకు నచ్చదు.

పాస్‌వర్డో ఏపీఐ కీయో ఫోల్డర్‌తోపాటు వెళ్లిపోతే సంగతి వేరు. అప్పుడైనా ముందు కీ మార్చండి, ఆ తర్వాతే హిస్టరీ. గిట్‌హబ్‌లో ఫోర్కుల్లో (ఇతరులు చేసుకున్న కాపీల్లో), పుల్ రిక్వెస్టుల్లో పాత కాపీ మిగిలే ఉండొచ్చు. వంద ఎంబీ దాటిన ఫైలుందని గిట్‌హబ్ పుష్ ఆపేస్తే మాత్రం నిశ్చింతగా తిరగరాయండి. ఆ కమిట్ ఇంకా మీ దగ్గరే ఉంది, ఇంకెవరికీ ఇబ్బంది లేదు.

హిస్టరీ తుడిచే మరో టూల్ బీఎఫ్‌జీ వేగంగానే పనిచేస్తుంది, కానీ దానికి ఫోల్డర్ పేరే ఇవ్వగలం, పాత్ ఇవ్వలేం. గిట్‌తోపాటే వచ్చే పాత కమాండ్ ఫిల్టర్ బ్రాంచ్ వద్దని గిట్ డాక్యుమెంటేషనే చెబుతోంది.

తిరగరాయక తప్పకపోతే శుక్రవారం సాయంత్రానికి అందరిచేతా పని పుష్ చేయించండి. పూర్తి బ్యాకప్ తీసుకుని, కొత్తగా చేసిన క్లోన్‌లోనే ఫిల్టర్ రిపో నడపండి. అది ఆరిజిన్ రిమోట్‌ని (సర్వర్ రిపో అడ్రసుని) తీసేస్తుంది కాబట్టి మళ్లీ కలిపి ఫోర్స్ పుష్ చేయాలి. సోమవారం అందరూ పాత ఫోల్డర్ తీసేసి కొత్తగా క్లోన్ చేసుకున్నాకే పని మొదలుపెట్టాలి.