పచ్చి అరటిగెల ఏ రకమో గుర్తుపట్టాలంటే రెస్‌నెట్టా, విజన్ ట్రాన్స్‌ఫార్మరా?

ప్రాజెక్టుల సీజన్ వస్తే చాలు, అమలాపురం, భీమవరం ఇంజినీరింగ్ కుర్రాళ్లు అడిగేది ఇదే: ఫొటో చూసి రకం చెప్పే ఈ రెండు ఏఐ మోడళ్లలో ఏది వాడాలి? చేతిలో రావులపాలెం మార్కెట్లో తీసిన ఐదొందల ఫొటోలుంటాయి: కర్పూరం, తెల్ల చక్కెరకేళి, అమృతపాణి, బొంత. ఎక్యురసీ (సరైన జవాబుల శాతం) ఒక్కటే చూసుకుంటే ఇంత చిన్న డేటాలో ఏదీ తేలదు. మోడల్ దేన్ని చూసి జవాబు చెబుతోందో పట్టుకోవాలి.

పచ్చి కాయల దగ్గర రంగు పెద్దగా సాయం చెయ్యదు. పలకలు తేలిన లావుపాటి కాయని, మొద్దు ముక్కుని చూసి బొంత అంటాం. అంటే మనకి ఆకారమే ఆధారం. 2019లో గైర్హోస్ అనే పరిశోధకుడి బృందం పిల్లి ఆకారానికి ఏనుగు చర్మం తొడిగినట్టుండే బొమ్మలతో పరీక్ష పెట్టింది. మనుషులు 95 శాతానికి పైగా ఆకారం వైపే ఉన్నారు. ఇమేజ్‌నెట్ అనే పెద్ద ఫొటోల పోగు మీద నేర్చిన రెస్‌నెట్-50 (50 పొరల రెస్‌నెట్) మాత్రం 22 శాతం దగ్గరే ఆగి, మిగతాదంతా చర్మాన్ని నమ్ముకుంది. అదే నెట్‌వర్క్‌కి పైపూతలు మార్చేసిన బొమ్మలతో నేర్పితే 81 శాతానికి చేరింది. కాబట్టి తప్పంతా కన్వల్యూషన్ మీద (రెస్‌నెట్ ఫొటోని చిన్న చిన్న కిటికీల్లోంచి చూసే పద్ధతి మీద) తోసెయ్యలేం, నేర్పడానికి వేసిన ఫొటోల మేతదీ ఉంది.

మీ కోడ్‌లోనూ ఆ మేత దాక్కుని ఉంటుంది. మోడళ్లకి నేర్పే లైబ్రరీ పైటార్చ్‌లో, నేర్పేటప్పుడు ఫొటోని ఎక్కడపడితే అక్కడ కత్తిరించే రాండమ్ రీసైజ్డ్ క్రాప్‌ని అలాగే వదిలేస్తే ఫొటోలో 8 శాతం ముక్క కూడా కత్తిరిస్తుంది. ఆ ముక్కలో తొక్క తప్ప కాయ ఉండదు, ఇక మోడల్ నేర్చేదీ తొక్కే. ఆ కింది హద్దుని 0.5కి, అంటే సగం ఫొటోకి పెంచండి.

ట్రాన్స్‌ఫార్మర్ 224 పిక్సెళ్ల ఫొటోని 16×16 పిక్సెళ్ల ముక్కలుగా, అంటే మొత్తం 196 ముక్కలుగా కోస్తుంది. మొదటి పొర నుంచే ప్రతి ముక్కా మిగతా అన్నిటినీ చూడగలదు, తొడిమకీ ముక్కుకీ లంకె అక్కడే కుదరొచ్చు. కానీ ఐదొందల ఫొటోలతో మొదటి నుంచి నేర్పుదామనుకోకండి. 2020 నాటి మూల పరిశోధనలోనే, సుమారు 13 లక్షల ఇమేజ్‌నెట్ బొమ్మలతో అది రెస్‌నెట్ల వెనకే ఉండిపోయింది. 30 కోట్ల బొమ్మలు చూపించినప్పుడు దాటింది.

అందుకే నా ఓటు డైనో-వీ2 చిన్న మోడల్‌కి, అంటే బోలెడు ఫొటోలతో ముందే నేర్చేసుకున్న విజన్ ట్రాన్స్‌ఫార్మర్‌కి. దాన్ని కదిలించొద్దు, అంటే దానికి మళ్లీ నేర్పొద్దు. ఒక్కో ఫొటోకి 384 అంకెలు తీసి దాచుకోండి, వాటి మీద లాజిస్టిక్ రిగ్రెషన్ (అంకెల్ని బట్టి రకం తేల్చే సులువైన పద్ధతి) వెయ్యండి. నాలుగు రకాలకి నేర్పాల్సినవి 1,540 అంకెలే, మామూలు లాప్‌టాప్ చాలు. ఫోన్‌లో పట్టేలా మోడల్ అంకెల్ని 8-బిట్‌కి కుదించి పెట్టాలంటే మాత్రం రెస్‌నెట్‌తోనే తలనొప్పి తక్కువ.

 

ఏది వాడినా మూడు పరీక్షలు పెట్టండి. ఫొటోని 4×4 ముక్కలుగా కోసి తారుమారు చేసి పేర్చండి: స్కోరు పడకపోతే మోడల్ ఆకారం చూడట్లేదు. కాయని నల్లటి నీడగా మార్చండి: బొంతని కూడా పట్టలేకపోతే అదే జబ్బు. గెలని చెరిపేసి వెనక ఉన్నది మాత్రమే ఇవ్వండి: అప్పుడూ రకం పేరు సరిగ్గా చెప్పేస్తుంటే అది గుర్తుపడుతున్నది కింద పరిచిన టార్పాలిన్‌ని.

ఇంకోటి, ట్రైన్ (నేర్పడానికి), టెస్ట్ (పరీక్షకి) అని విడగొట్టేటప్పుడు ఫొటోల లెక్కన కాదు, గెలల లెక్కన విడగొట్టండి. ఒకే గెల అత్తాలు రెండు వైపులా పడితే 99 శాతం వచ్చినా అది కాపీ కొట్టిన మార్కే.