తాతల ఊరికి వెళ్తే ముందు చుట్టాల గడపా, తహసీల్దారు ఆఫీసా?

తాతముత్తాతల ఊరు వెతుక్కుంటూ వెళ్లాలనుకునేవాళ్లు ఈమధ్య నన్ను ఒకటే అడుగుతున్నారు. ముందు రికార్డులు తీయించి చేతిలో పెట్టుకుని వెళ్లాలా, నేరుగా చుట్టాల ఇంటికే వెళ్లిపోవాలా అని. పోయిన సంక్రాంతి అయ్యాక మేం చీపురుపల్లి వైపు మా ముత్తాత ఊరికి వెళ్లొచ్చాం. మా ఇంట్లో రెండు పద్ధతులూ జరిగాయి కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

మా ముత్తాత రంగం వెళ్లినవాడు. ఉత్తరాంధ్రలో పాతవాళ్లు రంగూన్‌ని రంగం అనే అంటారు. 1941 డిసెంబరులో అక్కడ జపాన్ బాంబులు పడ్డాక ప్రాణాలతో తిరిగొచ్చాడు గానీ, సొంతూరికి వెళ్లకుండా విశాఖపట్నంలో ఉండిపోయాడు. అప్పటి నుంచి ఆ ఊరితో రాకపోకలు లేవు. మాకు మిగిలినవి ఇంటిపేరు, ఊరి పేరు, ఒక ఫోటో.

రికార్డుల గొప్పతనం రికార్డులదే. కాగితం ఏదీ మర్చిపోదు. ఏ భూమి ఎవరి సాగులో ఉందో చెప్పే అడంగల్, ఎవరి పేరున ఎంత భూమి ఉందో చెప్పే 1బి ఇప్పుడు ఇంట్లో కూర్చునే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ వెబ్‌సైట్ మీభూమిలో చూసుకోవచ్చు. ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే ఈసీ కూడా 1983 నుంచి కంప్యూటర్లో ఉంది. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించుకోవాలి. తెలంగాణ వాళ్లకైతే 1954-55 నాటి పాత భూమి రికార్డు, ఖాస్రా పహాణీ, మంచి ఆధారం. మా వైపు మాత్రం ఒక చిక్కుంది. విజయనగరం సంస్థానం లాంటి జమీందారీల కింద ఉన్న గ్రామాల్లో, ఇప్పుడు ఆఫీసుల్లో చేతికందే భూమి రికార్డు చాలావరకు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత ఏ భూమి ఎవరిదో తేల్చిన సెటిల్‌మెంటుతోనే మొదలవుతుంది. అంతకు ముందే ఊరు వదిలినవాడు అందులో కనపడడు. మా ముత్తాత పేరూ లేదు. అదే ఇంటిపేరుతో, అదే తండ్రి పేరుతో ఇంకొకాయన పేరు ఉంది.

ఇదంతా తీయించింది మా బాబాయి కొడుకు. రెండేళ్ల కిందట ముందు గ్రామ సచివాలయానికి వెళ్లి, నకళ్లు తీసుకుని, ఆ కాగితాలతోనే ఆ ఇంటికి వెళ్లాడు. వాళ్లు కుర్చీ వేశారు, మంచినీళ్లు ఇచ్చారు. "మాకేటీ తెల్దు బాబూ" అన్నారు. అంతే, గంట తర్వాత వెనక్కి బస్సెక్కాడు.

ఏది ముందు అనేది తేల్చేది నా దృష్టిలో ఇదే. పల్లెలో 1బి కాగితంతో గుమ్మంలోకి వచ్చినవాడు వాటా కోసం వచ్చినట్టే. వాడు ఎంత మంచివాడైనా సరే. మన రాష్ట్రంలో 1985 నుంచి, దేశమంతా 2005 నుంచి ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకూ సమాన హక్కు వచ్చింది. అది న్యాయమే. కానీ ఎప్పుడో విడిపోయిన శాఖల వాళ్లు కూడా వచ్చి అడుగుతారేమోనన్న టెన్షన్ చాలా ఇళ్లలో ఉంది. ఉన్నది ఎకరమో ఎకరంన్నరో, దానిమీదే బతుకు. ఆ భయాన్ని మనం తప్పు పట్టకూడదు. పైగా మీరు ఆఫీసులో సర్వే నంబరు అడిగిన సంగతి మీకంటే ముందే ఆ ఇంటికి చేరుతుంది. ఒకసారి ఆ అనుమానం పడితే "భూమి కోసం రాలేదండీ" అని ఎన్నిసార్లు చెప్పినా పోదు.

అందుకే ఈసారి అమ్మ, నేను కాగితం ముక్క లేకుండా వెళ్లాం. ఫోటోని పెద్దది చేయించాం. ఫోన్‌లో చూపిస్తే పెద్దవాళ్ల కళ్లకు ఆనదు. ఊళ్లో దిగి మొదట అడిగింది మా ఇంటిపేరు వాళ్ల అమ్మవారి గుడి ఎక్కడని. కొబ్బరికాయ కొట్టాలని అమ్మకు నిజంగానే ఎప్పటి నుంచో ఉంది. గుడి దగ్గరే ఒకాయన కలిసి ఇంటికి తీసుకెళ్లాడు.

అరుగు మీద మామ్మ కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఎనభై దాటి ఉంటాయి. "భూమి పని మీదొచ్చారేటి?" అనే అడిగింది మొదట. అమ్మ ప్రసాదం కొబ్బరి చిప్ప చేతిలో పెట్టి, ఫోటో ఇచ్చింది. మామ్మ చేతులు చీర కొంగుకి తుడుచుకుని, ఫోటోని వెలుగుకి తిప్పి, మీసం మీద బొటనవేలు అడ్డం పెట్టి చాలాసేపు చూసింది. "ఈ చెవులు మా మావవి" అంది. రికార్డులో ఉన్న ఆ ఇంకొకాయన, ఆమె మావగారు, మా ముత్తాతకి సొంత తమ్ముడు. వేళ్ల మీద లెక్కేసుకుని అమ్మ వైపు తిరిగి, "అయితే నువ్వు నాకు కోడలివి" అంది. ఇక ఇంట్లోంచి ఒక్కొక్కళ్లే బయటికి వచ్చారు.

వరస ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. ఆడవాళ్ల పేర్లూ పాత పట్టాల్లో అరుదు. మా ముత్తవ్వ పేరు, ఆవిడ పుట్టిల్లు రాజాం దగ్గరని, ఆవిడ రంగం నుంచి తెచ్చిన టేకు పెట్టె ఒకటి పుట్టింటి వాళ్లకిచ్చిందని మామ్మ నోటే విన్నాం.

మనుషుల జ్ఞాపకంలోనూ లోపం ఉంది. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు వల్ల మామ్మ ఒకే పేరున్న ఇద్దరిని కలిపేసింది. ఎవరు ఎవరి కొడుకో అరగంట తేలలేదు. ఏళ్లు కూడా "పెద్ద తుపాను ఏడు" లాగే చెప్తారు. అలాంటి చోట తండ్రి పేరుతో ఉన్న రికార్డే చిక్కు విప్పుతుంది. కాబట్టి ఆఫీసు వద్దని అనను. రెండోది అంటాను.

మిగతా దారులు కొన్ని ఉన్నాయి. పెద్దవాళ్లు కాశీకో గయకో వెళ్లి కర్మలు చేసి ఉంటే అక్కడి పండాల పుస్తకాల్లో పేర్లు దొరకవచ్చు. వెళ్లలేదంటే ఏమీ ఉండదు. కొన్ని కులాలకు గోత్రాలు, ఇంటిపేర్లు చెప్పే వంశరాజ్‌లు ఉండేవారు, మీ ఊరికి ఇంకా వస్తుంటే తప్పకుండా కూర్చోబెట్టి వినండి. డీఎన్‌ఏ పరీక్ష అవతలివాళ్లూ చేయించుకుంటేనే చుట్టాన్ని చూపిస్తుంది, పల్లెల్లో అది దాదాపు ఉండదు. వాట్సాప్ గ్రూపు పరిచయం అయ్యాక పెట్టుకోండి.

వెళ్లేది పండగ రోజుల్లో మాత్రం వద్దు. అందరూ ఉంటారు, కూర్చుని మాట్లాడే తీరిక ఒక్కరికీ ఉండదు. కనుమ వెళ్లిన వారం తర్వాత మాకు బాగా కుదిరింది. మొదటి రోజు రికార్డింగ్ కూడా పెట్టలేదు. రాత్రి బసలో గుర్తున్నదంతా రాసుకున్నాను.

మర్నాడు సచివాలయానికి మామ్మ మనవడే బండి మీద తీసుకెళ్లాడు. మా బాబాయి కొడుకు తీసుకున్న నకళ్లే మళ్లీ తీసుకున్నాం, ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఒక్కో పేరూ చదివాం. ఎవరీయన అని అక్కడి ఉద్యోగి అడిగితే, "మా అన్నయ్యండి, రంగం తాత మునిమనవడు" అన్నాడు.